తొంభై రెండేళ్ల అమ్మను ఎవరి మాటల్లో రాయాలి?

నల్లకుంట నుంచి ఒక పాఠకురాలు పన్నెండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 61, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. గత మాఘమాసంలో వాళ్లమ్మ పోయారు. ఇంట్లో లెక్క ప్రకారం ఆమెకు 92 ఏళ్లు, ఆధార్ ప్రకారం 89. చివరి నాలుగేళ్లు మతిమరుపు జబ్బుతో ఉన్నారు. ఆ నాలుగేళ్లూ పక్కనుండి అన్నీ చేసింది ఈ కూతురే. పెద్దన్నకు 74 ఏళ్లు, ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటారు. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు.

సంవత్సరీకానికి ఇంకా మూడు నెలలుంది. అన్న ఫంక్షన్ హాలు మాట్లాడేశారు. వచ్చినవాళ్లందరికీ అమ్మ జీవితం మీద ఒక పుస్తకం పంచాలని ఆయన కోరిక. "నీకు రాయడం వచ్చు, నువ్వే రాయి" అని చెల్లెలికి అప్పజెప్పారు. ఆమె సంతోషంగానే మొదలుపెట్టారు. సామగ్రికి కొదవ లేదు. ఫోన్‌లో అమ్మ మాటల రికార్డింగులు, నల్ల కాగితాల పాత ఆల్బమ్, అట్ట ఊడిన ఒక లెక్కల పుస్తకం ఉన్నాయి. ఆంగీరస నామ సంవత్సరం శ్రావణంలో పుట్టడం, పదిహేనో ఏట పెళ్లయి షాలిబండలోని ఉమ్మడి ఇంటికి రావడం, నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో తలుపులు బిగించుకుని కూర్చోవడం, ముగ్గురు పిల్లలు, ఆరుగురు మనవలు, ఇలా వరసగా రాసుకొచ్చారు.

1958 దగ్గర బండి ఆగింది. ఆ ఏడాది అత్తగారింట్లో ఏదో పెద్ద గొడవై, అమ్మ ఏడేళ్ల పెద్దకొడుకును వెంటబెట్టుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయారట. కాచిగూడలో ఒక గది అద్దెకు తీసుకుని పది నెలలు బట్టలు కుట్టి బతికారట. తర్వాత బాపు, అంటే వాళ్ల నాన్న, వెళ్లి తీసుకొచ్చారు. అప్పటికి చెల్లెలూ తమ్ముడూ పుట్టనేలేదు. ఈ సంగతి అమ్మ చివరి ఏళ్లలో కూతురికి చెప్పారు, ఆ మాటలు రికార్డింగులో ఉన్నాయి. ఆ పేజీలు చదివిన అన్న, "ఇది రాస్తే ఆ పుస్తకం నేను ముట్టను. బాపు పరువేం కావాలె?" అన్నారు. తమ్ముడు మాత్రం ఫోన్‌లో, "అమ్మ జీవితంలో అసలు సంగతే అది, అది తీసేస్తే ఇంకేం మిగుల్తది?" అంటాడు. అతను ఒక వీడియో తయారు చేయిస్తున్నాడు, అందులో ఆ రికార్డింగ్ పెడతానంటున్నాడు.

దీనికి తోడు మరికొన్ని ఉన్నాయి. తమ్ముడి కొడుకు, 19 ఏళ్లవాడు, నానమ్మ గురించి రాయమంటే "నాకు ఆమె అంటే భయం వేసేది" అని రెండు వాక్యాలు పంపాడు. పాఠకురాలి కూతురేమో అమ్మమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల, పది పేజీలు రాసింది. ఆ రెంటినీ పక్కపక్కన వేయడం ఈమె వల్ల కావడం లేదు. రికార్డింగుల్లో అమ్మను విసుక్కుంటున్న తన గొంతే వినబడుతోందనీ, వినలేక ఆపేస్తున్నాననీ రాశారు. చివరి పేజీలో ఇలా అన్నారు: "ఏడుపొస్తే ఎవరి ముందూ ఏడవలేను. తొంభై దాటి బతికింది, పండులాగ రాలిపోయింది, ఇంకా ఏడుపెందుకు అంటారు. నిజమే కదా అనిపిస్తుంది. కానీ రాత్రి మూడింటికి ఇప్పటికీ మెలకువ వస్తది. అది అమ్మకు డైపర్ మార్చే టైము."

అమ్మా, మీరు చివరి పేజీలో రాసినదాన్నే నేను ముందు తీసుకుంటాను.

నిండు వయసులో పోయినవాళ్ల ఇంటికి వచ్చి "అదృష్టవంతురాలు" అనడం మనవాళ్లకు అలవాటు. అందులో చెడు ఉద్దేశం లేదు. చిన్న వయసులో పోయినవాళ్ల ఇళ్లు ఎన్నో చూసినవాళ్లు అనే మాట అది. కాకపోతే అది పోయినావిడ గురించిన మాట, మిగిలిన మనిషికి అది ఏ విధంగానూ సరిపోదు. మీకు పుట్టినప్పటి నుంచి 61 ఏళ్లు అమ్మ ఉంది. ఇరవై ఏళ్లకే తల్లిని పోగొట్టుకున్నవాళ్ల బాధ ఒక రకం, అరవై ఏళ్లు తల్లి ఉండడం అలవాటైపోయినవాళ్ల బాధ ఇంకో రకం. దేన్ని దేనితో కొలుస్తాం? పైగా చివరి నాలుగేళ్లు మీ రోజంతా ఆమె చుట్టూనే తిరిగింది. మందుల వేళలు, అన్నం మెత్తగా కలపడం, రాత్రి లేవడం. పదకొండో రోజు, పన్నెండో రోజు అయిపోగానే మీ ఒంటికి ఆ పనులు మర్చిపొమ్మని ఎవరూ చెప్పలేదు, అందుకే అది మూడింటికి లేస్తోంది. నెలలు గడిచేకొద్దీ చాలామందికి ఇది తగ్గుతుంది. మీకు తగ్గకుండా తిండీ నిద్రా దెబ్బతింటుంటే డాక్టర్‌కు చూపించుకోవడానికి మొహమాటపడకండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ ఉంది, 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మూడింటికి ఎవరిని లేపుతాం అనుకునేవాళ్లకు అది పనికొస్తుంది.

ఇక పుస్తకం. మీరు రెండు పనులను ఒక్కటిగా ముడేసుకుని టెన్షన్ పడుతున్నారు. సంవత్సరీకానికి కర్త మీ అన్న. హాలు ఎంత పెద్దది, ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలి, ఎవరిని పిలవాలి అన్నవి ఆయనకు వదిలేయండి. ఫ్లెక్సీల మీద నాకు పెద్ద గౌరవమేమీ లేదు గానీ, 74 ఏళ్ల కొడుకు తల్లి ఫొటో పెద్దదిగా పెట్టుకుంటానంటే అడ్డుపడాల్సిన పని కూడా కాదది. పుస్తకం మాత్రం తిథి ప్రకారం పూర్తి కావాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మూడు నెలల్లో పుస్తకం తేవాలంటే నిజానికి మీ చేతిలో ఉండేది నెలన్నరే. మీరు ఫోన్‌లో టైపు చేసిన యూనికోడ్ తెలుగును డీటీపీ వాళ్లు తమ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. రెండుమూడు సార్లు ప్రూఫ్ చూస్తే తప్ప అమ్మ పేరు కూడా సరిగా రాదు. అప్పటిలోగా 1958 గొడవ తేలకపోతే ఆ హడావుడిలో ఎవరో ఒకరు ఓడిపోయి సంతకం పెట్టాల్సి వస్తుంది. దాని బదులు సంవత్సరీకం నాటికి నాలుగు పేజీల మడత కాగితం ఒకటి వేయించండి. అమ్మ ఫొటో, పుట్టిన ఊరు, సంవత్సరం, ముగ్గురు పిల్లలు తలా పది వాక్యాలు. ఎవరి వాక్యాల కింద వాళ్ల పేరు. పుస్తకం వచ్చే ఏడాదికి. అన్నకు ఇది నచ్చకపోవచ్చు, ఖాళీ చేతులతో పంపినట్టు ఉంటుందనొచ్చు. అప్పుడు కూడా, పుస్తకాన్ని కుదించి ఇవ్వడం కంటే ఫొటోల చిన్న పుస్తకం ఒకటి వేసి ఇవ్వడం నయం. ఫొటోలతో పేచీ రాదు.

ఈలోగా తొందరపడాల్సిన పని వేరే ఉంది. మల్కాజిగిరిలో ఉన్న మీ చిన్నమ్మకు 88 ఏళ్లనీ, వినికిడి తగ్గిందనీ ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. అమ్మను పెళ్లికి ముందు చూసిన మనుషుల్లో మీకు మిగిలింది ఆవిడ ఒక్కరే కదా? ఈ వారమే వెళ్లండి. "అక్క గురించి చెప్పు చిన్నమ్మా" అంటే "మంచిది బిడ్డా, బంగారం" అని ఊరుకుంటారు. పెద్దవాళ్లను అలా అడగకూడదు. షాలిబండ ఇంట్లో నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు, గండిపేట నల్లా ఇంట్లోకి ఎప్పుడొచ్చింది, కట్టెల పొయ్యి మానేసి బత్తీల స్టవ్ ఎప్పుడు కొన్నారు, అక్కను చూడడానికి నువ్వు ఏ బస్సెక్కి వెళ్లేదానివి, నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు ఎవరు తీసుకెళ్లేవాళ్లు అని అడగండి. ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వాళ్లే అసలు సంగతుల్లోకి వెళతారు. ఆల్బమ్ తీసుకెళ్లి చేతికివ్వండి. మనుషుల పేర్లు చెబుతుంటే ఫొటో వెనక పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు. నల్ల కాగితానికి అతుక్కుపోయిన ఫొటోలను పీకకండి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా అలాగే ఫోన్‌తో తీసుకోండి.

పెళ్లి ఫొటో వెనక "1356" అని ఉందనీ, అది స్టూడియో నంబరో ఏమో తెలియలేదనీ రాశారు. అది ఫసలీ సంవత్సరం అయి ఉంటుంది. నిజాం రాజ్యంలో దఫ్తర్లలో, బడుల్లో ఆ లెక్కే నడిచేది. ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 590 గాని 591 గాని కలపాలి. 1356 ఫసలీ అంటే 1946 అక్టోబరు నుంచి 1947 అక్టోబరు దాకా. ఆంగీరస శ్రావణం అంటే 1932. అమ్మ పదిహేనో ఏట పెళ్లయిందని మీరు రాసినదానికి 1947 వేసవి చక్కగా సరిపోతుంది. పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరు, అంటే కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ తలుపులు బిగించుకోవడం. "అప్పుడు నాకు పదహారేళ్లు" అని ఆమె రికార్డింగులో అన్నదీ కుదిరింది. మతిమరుపు వచ్చాక చెప్పిన మాటలు ఎంతవరకు నమ్మాలి అని మీ తమ్ముడు అడిగాడన్నారు. ఆ జబ్బులో పొద్దున ఏం తిన్నారో గుర్తుండని మనిషికి డెబ్బై ఏళ్ల కిందటి సంగతి స్పష్టంగా ఉండడం మామూలే. ఒకటి రెండు వివరాలు కలిసిపోవచ్చు. ఇలా బయటి ఆధారంతో సరిచూసుకోగలిగినవి చూసుకుని, మిగతావి "అమ్మ చెప్పిన ప్రకారం" అని రాయండి.

అట్ట ఊడిన ఆ లెక్కల పుస్తకం విషయం ఇంతకంటే ముఖ్యం. కొన్ని అంకెల పక్కన "హా" అనీ, కొన్నింటి పక్కన "క" అనీ ఉందనీ, ఒకచోట అణాలు, మరోచోట నయాపైసలు ఉన్నాయనీ, అమ్మ చదువు తక్కువ కాబట్టి తికమకపడి రాసి ఉంటుందనీ అన్నారు. తికమక ఆమెది కాదు. హైదరాబాదులో అప్పుడు రెండు రూపాయలు చెల్లేవి. నిజాం రూపాయి హాలి సిక్కా, ఇండియా రూపాయి కల్దార్. రెంటి విలువా ఒకటి కాదు, ఏడు హాలి రూపాయలు ఆరు కల్దార్‌కు సమానం. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, హాలి సిక్కా 1959లో పూర్తిగా ఆగిపోయింది. హాలి, కల్దార్, అణాలు, నయాపైసలు నాలుగూ ఒకే పుస్తకంలో ఉన్నాయంటే అది ఆ రెండేళ్ల మధ్య రాసిన పుస్తకం. రవికకు ఇంత, లంగాకు ఇంత అని ఉందన్నారు కూడా. అది కాచిగూడ గదిలో అమ్మ రాసుకున్న జమాఖర్చు అని నేననుకుంటున్నాను. ఎవరు ఏ డబ్బు ఇచ్చారో, మారిస్తే ఎంతొస్తుందో లెక్కేసుకుంటూ పది నెలలు ఇల్లు నడిపిన పాతికేళ్ల మనిషి చేతిరాత. రికార్డింగు మీద అనుమానం ఉన్నవాళ్లకు కూడా దీని మీద ఉండనక్కర్లేదు.

ఇప్పుడు అన్న విషయం. మీ ఉత్తరం ఏడో పేజీలో ఇల్లు బిల్డర్‌కు ఇవ్వడం గురించి చెబుతూ, "అన్నకు ఈ ఇంట్లో సామాను మీద ఆశ లేదు, బిందెలు గుండిగలు ఎవరు పట్టుకుపోయినా అడగలేదు, ఆ తుప్పుపట్టిన కుట్టుమిషన్ ఒక్కటి మాత్రం ఆటోలో వేసుకుని ఉప్పల్ తీసుకుపోయిండు" అని రాశారు. అది రాస్తున్నప్పుడు మీకు తట్టలేదా? పరువు గురించే ఆయన బాధ అయితే ఆ మిషన్‌ను మూలన పడేసి ఉండేవారు.

మీరు ఆ పది నెలల గురించి విన్నారు, ఆయన ఆ పది నెలలు బతికారు. ఏడేళ్ల పిల్లవాడు. అకస్మాత్తుగా తండ్రి లేని గది, బడిలో "మీ బాపు ఏడీ" అని అడిగే పిల్లలు, రాత్రిళ్లు మిషన్ చప్పుడు. కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చి వచ్చింది ఆయనే అయి ఉండొచ్చు. డెబ్బై ఏళ్ల వయసులో కూడా నోరు విప్పని సంగతిని చెల్లెలు కంప్యూటర్‌లో నీట్‌గా టైపు చేసి చూపిస్తే మనిషికి కోపం వస్తుంది. ఆయన చెప్పిన కారణం బాపు పరువు. మగవాళ్లకు, అందులో ఆ తరం మగవాళ్లకు, చెప్పుకోవడానికి వీలుగా ఉండే కారణం అది. లోపల ఇంకేదైనా ఉండొచ్చు, లేకపోనూవచ్చు. అడగకుండా తెలియదు.

బాపు గురించి కూడా ఒక మాట. మూడో పేజీలో, 1959లో బాపు తల్లిదండ్రులను వదిలి నల్లకుంటలో వేరు కాపురం పెట్టారనీ, ఎందుకో ఎవరూ చెప్పలేదనీ రాశారు. అమ్మ తిరిగొచ్చింది దానికి కొద్ది నెలల ముందే. ఈ రెంటినీ కలిపి చూడండి. ఉమ్మడి ఇంట్లో పెద్దకొడుకు పెళ్లాన్ని వెతుక్కుంటూ వెళ్లి, ఆమె కోసం వేరు కాపురం పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నా ఊహ నిజమైతే ఆ కథలో బాపు పరువు తగ్గడం లేదు, పెరుగుతోంది. ఇది ఊహ మాత్రమే. మీ చిన్నమ్మను అడగాల్సినవాటిలో ఇది మొదటిది.

మీ ముందు ఉన్న దారులు చెబుతాను.

ఒకటి, ఆ పది నెలలు వదిలేయడం. పుస్తకం గొడవ లేకుండా వస్తుంది. హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటారు. కానీ పెళ్లయింది, పిల్లల్ని పెంచింది, పూజలు చేసింది అనే పుస్తకం ఎవరి అమ్మకైనా సరిపోతుంది, మీ అమ్మ అందులో దొరకదు. తమ్ముడు తన వీడియోలో ఆ ముక్క పెడితే ఈ శాంతి కూడా నిలవదు.

ఇంకోటి, అన్న వద్దన్నా రాయడం. అమ్మ మీతో చెప్పింది కాబట్టి మీకు హక్కుందని మీరు అనుకోవచ్చు. ముందు ఆ రికార్డింగు మొదలూ చివరా మళ్లీ వినండి. "ఎవరికీ చెప్పకు" అందా, "రాసిపెట్టుకో" అందా, ఏమీ అనలేదా? చెప్పొద్దని ఉంటే ఇక తర్కం అనవసరం. అనకపోయినా, దీని ఖరీదు అన్నతో మాటలు పోవడం. ఆయన లేని పుస్తకావిష్కరణ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంటి అగ్రిమెంట్ మీద ముగ్గురూ కలిసి సంతకాలు పెట్టాల్సి ఉందన్నది కూడా మరవకండి. ఇలాంటి కోపాలు కాగితాల్లోకి పాకుతాయి.

పంచడానికి ఒక ప్రతి, ఇంట్లోవాళ్లకు మాత్రం పూర్తి ప్రతి ఇంకొకటి వేద్దామని మీ కూతురు సలహా ఇచ్చిందన్నారు. వినడానికి బాగుంది. ఆ పూర్తి ప్రతి పీడీఎఫ్ ఒక్క సాయంత్రంలో ఫ్యామిలీ గ్రూపులన్నీ తిరిగి వస్తుంది, పైగా "దాచిన కథ" అన్న పేరుతో. దాచాలనుకుంటే నిజంగా దాచండి. చేత్తో రాసి, కవర్లో పెట్టి, మీ పిల్లలకు మీ తర్వాత చదవమని ఇవ్వండి.

నాలుగో దారి వైపు నా మొగ్గు. జరిగింది రాయడం, ఎందుకు జరిగిందో రాయకపోవడం. "1958లో కొన్ని నెలలు అమ్మ కాచిగూడలో ఉండి, బట్టలు కుట్టి కొడుకును చూసుకుంది. మరుసటి ఏడాది బాపూ అమ్మా నల్లకుంటలో ఇల్లు పెట్టారు." పక్కన ఆ లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఫొటో. అత్తగారి ఇంట్లో ఎవరేమన్నారు, ఎవరిది తప్పు అన్నది అక్కర్లేదు. ఆ మనుషులెవరూ ఇప్పుడు జవాబు చెప్పుకోలేరు, వాళ్ల మనవలు మాత్రం హాల్లో కూర్చుని ఉంటారు. దీనివల్ల మీ తమ్ముడికి అసంతృప్తి మిగులుతుంది, సగమే చెప్పావంటాడు. మిగలనివ్వండి. అన్న దీనికి కూడా ఒప్పుకోకపోతే, ఆయన ఉన్నంతకాలం ఆగడమే నా దృష్టిలో మర్యాద. ఆ చిన్నతనం ఆయనది.

ఏ దారి పట్టినా ముందు అన్నను ఒంటరిగా కలవండి. ఫోన్‌లో వద్దు, వదినా పిల్లలూ ఉన్నప్పుడు వద్దు. లెక్కల పుస్తకం పట్టుకెళ్లి, "అన్నా, ఇది అప్పటిదే అనుకుంటున్నా, ఈ పేర్లు ఎవరివో నీకు తెలుసా?" అని అడగండి. రాయనా వద్దా అన్న మాట ఆ రోజు ఎత్తకండి. ఆయన మాట్లాడితే రికార్డు చేయకండి, వినండి. మాట్లాడకపోతే టీ తాగి వచ్చేయండి. పుస్తకం ఆయన దగ్గరే ఒక వారం ఉంచి రావచ్చు, ముందుగా ప్రతి పేజీ ఫొటో తీసుకుని. తమ్ముడికి కూడా చెప్పండి, అన్నతో మీ మాట తేలేదాకా ఆ రికార్డింగు వీడియోలో పెట్టొద్దని. దూరంగా ఉన్నవాళ్లకు ఇలాంటివి తొందరగా కథలైపోతాయి. అతను అమ్మ దగ్గర లేనందుకు పడే బాధ కూడా ఆ తొందరలో ఉండి ఉంటుంది, కాబట్టి కసరకండి. ఫొటోల స్కానింగ్, వాయిస్ నోట్లు పోగుచేయడం లాంటి పని ఒకటి పూర్తిగా అతనికే వదిలేయండి.

వాయిస్ నోట్లంటే గుర్తొచ్చింది. అమ్మ ఫోన్ నంబరుకు రీచార్జ్ చేస్తున్నారో లేదో రాయలేదు. ప్రీపెయిడ్ సిమ్ మూడు నెలలు వాడకపోతే నంబరు ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. వాట్సాప్ ఖాతా కూడా 120 రోజులు వాడకపోతే పోతుంది. అమ్మ మీ తమ్ముడికి పంపిన వాయిస్ నోట్లు అతని ఫోన్‌లో ఉంటాయి కాబట్టి ముందు అవి దించుకోమనండి. ఫొటోలు వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అచ్చుకు పనికిరానంతగా నలిగిపోతాయి. రికార్డింగులు మీ ఒక్క ఫోన్‌లో ఉంచుకోవద్దు. ఒక హార్డ్ డిస్క్‌లో, ఒకటి తమ్ముడి దగ్గర.

మనవడి రెండు వాక్యాల దగ్గర మీకు కోపం వచ్చినట్టుంది. ఆ పిల్లవాడు రెండేళ్ల కిందట వచ్చినప్పుడు నానమ్మ అతన్ని పోల్చుకోలేక, దొంగ వచ్చాడని అరిచిందని మీరే రాశారు. అమెరికా నుంచి ప్రేమగా వస్తే ఎదురైనది అది. పదిహేడేళ్లవాడు భయపడక ఏం చేస్తాడు? మీ అమ్మాయికి దొరికిన అమ్మమ్మ వేరు. జడలు వేసి, బడికి దింపి, నుమాయిష్‌లో గాజులు కొనిచ్చిన మనిషి. ఇద్దరూ చెప్పింది నిజమే, ఒకే మనిషి గురించి. రెండూ వేయండి. అతని వాక్యాలను మార్చి "నానమ్మ అంటే ఎంతో ఇష్టం" అని మీరు రాస్తే, పెద్దయ్యాక ఆ పుస్తకం అతనికి అబద్ధంగా కనిపిస్తుంది. కావాలంటే ఫోన్ చేసి, ఆ జబ్బు ఎలాంటిదో, ఆ రోజు తర్వాత నానమ్మ ఏం చేసిందో చెప్పండి. ఇంకో రెండు వాక్యాలు రాస్తాడేమో, రాయకపోయినా పర్వాలేదు. అతనికి తెలుగు చదవడం రాదు కాబట్టి అమ్మ మామూలుగా ఉన్నప్పటి రికార్డింగు ఒకటి పంపండి. "జర ఆగు బిడ్డా, జల్దేమొచ్చింది" లాంటి మాటలు అందులో ఉన్నాయన్నారుగా, అవి పుస్తకంలో కూడా ఆమె అన్నట్టే అచ్చువేయండి. అన్న వాటిని బడి తెలుగులోకి మారుద్దామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

మీ సొంత గొంతు సంగతి. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" అని మీరు విసుక్కున్న చోట్లు కత్తిరించాలని ఉందన్నారు. కాపీలో కత్తిరించుకోండి, ఎవరికి వినిపించాలన్నా ఆ కాపీనే వినిపించండి. అసలు దాన్ని మాత్రం ముట్టకండి. ఇప్పుడు మీకు ఆ విసుగు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అదే ప్రశ్నకు అంతకు ముందు ఎన్నోసార్లు ఓపిగ్గా చెప్పిన జవాబులూ ఆ రికార్డింగుల్లోనే ఉంటాయి. నాలుగేళ్లు పగలూ రాత్రీ చూసుకున్న మనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఇప్పుడు వినలేకపోతే వినకండి. వాటిలో ఏముందో రాసిపెట్టే పని మీ అమ్మాయికి ఇవ్వండి, ఆ పిల్లకు మీ విసుగు కొత్తేమీ కాదు.

ఇంటి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. బిల్డర్ చేతికి తాళాలు ఇచ్చే ముందు ఒకసారి ముగ్గురూ వీడియో కాల్‌లోనైనా కలిసి, గది గదీ తిరుగుతూ ఏ మూల ఏం జరిగిందో చెప్పుకుని రికార్డు చేసుకోండి. సామాను ఫొటోలు తీసుకుని పంచేసుకోండి. అన్నీ దాచడానికి ఎవరి ఫ్లాటూ సరిపోదు. మిషన్ అన్న దగ్గరే ఉండనివ్వండి.

చివరిగా మీరడిగిన వయసు సంగతి. ఆహ్వానపత్రిక మీద 89 వేయాలని అన్న, 92 వేయాలని మీరు. ఆ తరంలో పుట్టిన తేదీ కాగితం ఉన్నవాళ్లు తక్కువ. ఆధార్ తీసుకునే రోజున తెలిసిన సంవత్సరం ఏదో చెబితే జనవరి 1 అని పడిన కార్డులు కోకొల్లలు, మీ అమ్మ కార్డు మీద ఉన్నదీ జనవరి 1నే కదా. ఆంగీరస శ్రావణం, ఫసలీ 1356, పోలీస్ యాక్షన్ నాటికి పదహారేళ్లు, ఈ మూడూ 1932కే చేరుతున్నాయి. ఆ లెక్క ఒక కాగితం మీద రాసి అన్నకు చూపించండి, ఒప్పుకుంటారు. పత్రికలో, పుస్తకంలో 92 వేయండి. అయితే ఇల్లు అమ్మ పేరు మీద ఉందన్నారు కాబట్టి, బ్యాంకులోనూ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ ఇచ్చే కాగితాల్లో ఆధార్‌లో, మరణ ధ్రువపత్రంలో ఉన్న వివరాలే ఇవ్వండి. అక్కడ 1932 గురించి వాదనకు దిగితే మీ ముగ్గురి సంతకాల పని నెలలు వెనక్కి పోతుంది.